నాలుగో ఋణం

మా నాన్న తద్దినం నాడు మిక్సీ మా వంటింట్లో ఉండేది కాదు. ముందురోజు సాయంత్రమే అమ్మ దాన్ని తుడిచి, వైరు చుట్టి, పాత తువ్వాలు కప్పి హాల్లోకి పంపించేసేది. దాని వెనకాలే ప్రెషర్ కుక్కరూ వెళ్లేది. మర్నాడు తెల్లవారుజామునే తలస్నానం చేసి, మడి కట్టుకుని, పెరట్లో రుబ్బురోలు కడిగి, గారెలకు నానబోసిన మినప్పప్పు అందులో పోసుకుని కూర్చునేది. అప్పటికి ఆవిడకు అరవై ఏడేళ్లు. కుడిచేతి వేళ్ల కణుపులు వాచి ఉండేవి. పొత్రం పట్టు దొరక్క జారిపోతుంటే రెండు చేతులూ వేసి తిప్పేది. నాలుగు చుట్లు తిప్పడం, ఆగడం, పక్కలకెక్కిన పిండిని వేళ్లతో లోపలికి తోయడం, మళ్లీ తిప్పడం. నేను రుబ్బుతానంటే "నీ చేతిలో పిండి జారైపోతుందే, గారె నూనె తాగేస్తుంది" అనేది.

ఒక ఏడు చూడలేక అడిగేశాను, ఈ ఒక్కరోజుకీ మిక్సీలో వేస్తే ఏమవుతుందని. అమ్మ పొత్రం ఆపకుండానే అంది: "అది ఎవరు చేశారో, ఏ చేత్తో చేశారో!"

అమ్మకు అది మాట ముగించే జవాబు. నాకు మాత్రం అక్కడే మొదలైంది. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని. మరిగే ఉష్ణోగ్రత పాఠం వచ్చినప్పుడల్లా ఇంట్లో కుక్కర్ పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి చెప్పేదాన్ని. మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు, ఈ వెయిట్ ఆవిరిని పట్టి ఉంచడం వల్ల లోపల దాదాపు 120 దాకా వెళ్తాయి, అందుకే కందిపప్పు త్వరగా ఉడుకుతుంది అని. ఎందుకు ఉడుకుతుందో ఏటా చెప్పాను. ఎవరు చేశారో, ఏ చేత్తో చేశారో ఒక్క ఏడూ చెప్పలేదు. పిల్లలూ అడగలేదు. అడగాలని వాళ్లకు నేర్పినవాళ్లు లేరు, నేనూ నేర్పలేదు.

మా తమ్ముడు వేదం చదువుకున్నాడు. ఎనిమిదో ఏట పాఠశాలకు వెళ్లిపోయాడు. నేను సైన్సు, వాడు వేదం. సెలవులకు ఇద్దరం అమ్మ దగ్గర చేరితే అరుగు మీద రాత్రి పదకొండు దాకా మాటలే. వాడే ఓసారి పంచసూనల గురించి చెప్పాడు. మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉంది. గృహస్థు ఇంట్లో ఐదు చోట్ల రోజూ తెలియకుండా హింస జరుగుతుంది. పొయ్యి, నూరే రాయి, చీపురు, రోలూ రోకలీ, నీళ్లకుండ. చీమో, పురుగో, కంటికి కనబడని మరేదో ప్రాణి అక్కడ చచ్చిపోతుంది. బతకాలంటే తినాలి, తినాలంటే ఈ ఐదూ తప్పవు. ఆ పాపం పోవడానికే రోజూ ఐదు యజ్ఞాలు చెయ్యమన్నారు.

వాడు చెబుతుంటే నాకు ముందు తట్టింది ఒకటే. ఆ ఐదు చోట్లా నిలబడేది ఆడది. మంత్రం చెప్పుకుని ఆ పాపం పోగొట్టుకునేది మగవాడు. ఆ మాట వాడితో అన్నాను. వాడు కోపం తెచ్చుకోలేదు. "ఇద్దరిదీ ఒకటే సంసారం కదా అక్కయ్యా, ఒకరు చేసింది ఇద్దరికీ చెందుతుంది" అన్నాడు. నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు, ఇప్పటికీ కాలేదు. పొయ్యి దగ్గర చచ్చిపోయే చీమను చూసిన శాస్త్రకారుడు, ఆ పొగలో ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్లు చింతనిప్పులైన మా అమ్మను ఎందుకు చూడలేదు? ఆ హింసకు ఏ యజ్ఞం చెప్పారు?

చూసినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు అనే ఇంజనీరు మట్టితోనే పొగలేని పొయ్యి తయారుచేశాడు. మంట ఒక గిన్నె కింద నుంచి ఇంకో గిన్నె కిందికి సొరంగంలా పాకి, పొగ గొట్టంలోంచి కప్పు మీదికి పోయే పొయ్యి. లక్షల ఇళ్లలో పొగలేని వంటగది రావాలని 1953లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. ఆ పొయ్యి కోనసీమలో మా ఊరి దాకా రాలేదు. వచ్చి ఉంటే అమ్మ కళ్లజోడు మరో పదేళ్ల తర్వాత వచ్చేదేమో. కానీ ఒక ఇంజనీరు ఆనకట్టలూ వంతెనలూ వదిలి ఆడవాళ్ల పొయ్యి ముందు కూర్చున్నాడన్న సంగతి తెలిసిన రోజున, అమ్మ మాటకు నా దగ్గర మొదటి జవాబు దొరికినట్టయింది.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. 1991 వేసవిలో జరిగింది. అప్పుడు మేం అమలాపురంలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. కుక్కర్లో పప్పు పెట్టి, ఆన్సర్ పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. కుక్కర్ నిండా పోశాననీ, మూత లోపల ఆవిరి గొట్టాన్ని చూసి వారం దాటిందనీ తర్వాత గుర్తొచ్చింది. పప్పు పొట్టు ఆ గొట్టంలో ఇరుక్కుంది. విజిల్ రాలేదు. రాకపోతే అనుమానపడాలి కదా, పడలేదు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి పొయ్యికి రెండు బారల దూరంలో గుమ్మం మీద కూర్చుని జంతికలు తింటోంది.

బుస్సుమని పెద్ద శబ్దం. పరిగెత్తి వెళ్తే మూత దాని చోటనే ఉంది. మూత మీద సేఫ్టీ వాల్వు ఉండే చోటు నుంచి ఆవిరి, దాంతోపాటు పప్పు, నిలువుగా పైకి చిమ్ముతున్నాయి. గ్యాస్ కట్టేశాను. పిల్ల గుమ్మం మీదే బిగుసుకుపోయి ఉంది, చేతిలో జంతిక అలాగే ఉంది. ఒంటి మీద చుక్క పడలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా వంటింటి కప్పు మీద పళ్లెమంత పసుపు మరక ఉండిపోయింది.

చల్లారాక వాల్వు విప్పి చూశాను. దాని నడుమ ఉండాల్సిన చిన్న లోహపు ముక్క లేదు. కరిగిపోయింది. శనగగింజంత ముక్క. మామూలు వేడికి గట్టిగా ఉండి, వేడి హద్దు దాటగానే కరిగి దారి ఇచ్చేలా ఏయే లోహాలు ఏ పాళ్లలో కలపాలో లెక్కగట్టి పోసిన ముక్క. మర్నాడు బజార్లో ఎనిమిది రూపాయలకు కొత్త వాల్వు దొరికింది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. నేను ఏదో ఒకరోజు గొట్టం చూసుకోనని, పిల్ల గుమ్మం మీద కూర్చుంటుందని, నేను పుట్టకముందే ఎవరో తలుచుకున్నారు. నా తప్పును నాకన్నా ముందు ఊహించి, దానికి విరుగుడు పెట్టి, పేరు చెప్పకుండా వెళ్లిపోయారు. దేవుడు మనల్ని కాపాడడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ శనగగింజే గుర్తొస్తుంది.

ఆ వాల్వు ఆలోచనకు మొదటి మనిషి పేరు మాత్రం చరిత్రలో ఉంది. డెనీ పాపిన్. 1647లో ఫ్రాన్స్‌లో పుట్టాడు, వైద్యం చదివాడు. పారిస్‌లో హైగెన్స్ దగ్గర, లండన్‌లో రాబర్ట్ బాయిల్ దగ్గర పనిచేశాడు. 1679లో లండన్ రాయల్ సొసైటీ ముందు మూత బిగించిన ఒక ఇనుప పాత్ర పెట్టాడు. ఆవిరి లోపలే బిగిస్తే పాత్ర పేలుతుంది కాబట్టి, మూత మీద ఒక రంధ్రం, దాని మీద మూసే బిళ్ల, ఆ బిళ్లను అదిమి ఉంచే తూకపు కడ్డీ అమర్చాడు. ఒత్తిడి హద్దు మీరితే బిళ్ల లేచి ఆవిరి పోతుంది, తగ్గితే మళ్లీ మూసుకుంటుంది. మన కుక్కర్ మీద ఊగే వెయిట్ ఆ కడ్డీకి మునిమనవరాలు. 1682లో ఆ పాత్రల్లో వండి సొసైటీ సభ్యులకు విందు పెట్టాడు. ఆ విందు తిన్న జాన్ ఎవెలిన్ తన దినచర్యలో రాసుకున్నాడు, ఎనిమిది ఔన్సుల బొగ్గు కూడా పట్టకుండా గట్టి ఎముకలు జున్నులా మెత్తబడ్డాయని.

అవును, ఎముకలు. మా ఇంట్లో పప్పు ఉడికే పాత్ర పుట్టింది ఎముకలు ఉడకబెట్టడానికి. పారేసే ఎముకల్లోంచి పేదవాడికి బలమైన తిండి తియ్యవచ్చన్నది పాపిన్ ఆశ. ఆ సంగతి చదివిన రోజున అమ్మకు చెప్పలేకపోయాను. చెబితే మామూలు రోజుల్లో కూడా కుక్కర్ వాకిట్లోకి వెళ్లేది. కానీ రాత్రి పడుకుని ఆలోచిస్తే నాకు అందులో ఏవగింపు కనబడలేదు. ఆకలిగా ఉన్నవాడి గురించి ఆలోచించిన మనిషి కనబడ్డాడు.

పాపిన్ ప్రొటెస్టెంటు. 1685లో ఫ్రాన్స్ రాజు వాళ్ల మతానికి ఇచ్చిన రక్షణను రద్దుచేశాక ఇక సొంత దేశం వెళ్లే దారి లేదు. జర్మనీలో పాఠాలు చెప్పుకున్నాడు. ఆవిరితో ముషలకాన్ని కదిలించవచ్చని 1690లో రాసి, ఆవిరి యంత్రాలకు బాట వేశాడు. 1707లో లండన్ తిరిగి వచ్చేసరికి పాత స్నేహితులు లేరు, సొసైటీ నుంచి ఆదరణా లేదు. రాసిచ్చిన పత్రాలకు డబ్బు రాలేదు. 1712లో రాసిన ఉత్తరం తర్వాత ఆయన జాడ తెలియదనే చాలాకాలం అనుకున్నారు. 1713 ఆగస్టులో లండన్‌లోని సెయింట్ బ్రైడ్స్ చర్చిలో ఆయన్ను పూడ్చిపెట్టినట్టు మొన్నమొన్ననే రికార్డుల్లో బయటపడింది. పేదవాళ్ల కోసం పాత్ర చేసినాయన పేదవాడిగానే పోయాడు.

ఇదంతా చెబితే మా ఆయన అన్నారు, "డబ్బిచ్చి కొన్నాం, బిల్లు కూడా ఉంది. ఇంక బాకీ ఏమిటి?" బ్యాంకులో పనిచేసినాయన, జమ ఖర్చు సరిపోతే ఆ ఖాతా మూసేస్తారు. ఆ ప్రశ్న చిన్నదేం కాదు. నిజంగానే దుకాణంలో ధర చెల్లించాక ఋణం మిగులుతుందా?

మిగులుతుందనే నా నమ్మకం. మా తమ్ముడికి వేదం చెప్పిన గురువుగారికి నాన్న దక్షిణ ఇచ్చాడు, బట్టలు పెట్టాడు. దాంతో ఋషిఋణం తీరిపోయిందని ఏ శాస్త్రమూ అనలేదు. చదివింది నిలబెట్టుకున్నన్నాళ్లే, మరొకడికి చెప్పినన్నాళ్లే ఆ ఋణం తీరుతూ ఉంటుంది. ధర లోహానికి, కూలికి, దుకాణదారుడి లాభానికి. ఆ శనగగింజ వెనక ఉన్న తలపుకు ధర బిల్లులో ఎక్కడ వేశారు?

"వాళ్లు మాత్రం పుణ్యానికి చేశారా, డబ్బు కోసమే కదా" అన్నది ఆయన రెండో మాట. కొందరు డబ్బు కోసమే చేశారు. అమెరికాలో జోసెఫీన్ కోక్రేన్ భర్త పోయి, అప్పులు మిగిలి, షెల్బీవిల్ అనే ఊళ్లో తన షెడ్డులో ఒక మెకానిక్ సాయంతో గిన్నెలు తోమే యంత్రం చేసింది. 1886 డిసెంబరులో పేటెంటు వచ్చింది. ఆవిడకు డబ్బు కావాలి, దాచుకోలేదు కూడా. అందులో తప్పేముంది? ఆవు దూడ కోసం పాలు చేపుతుంది. మన కోసం కాదు. అంతమాత్రాన తాగిన పాలకు ఋణం లేదంటామా? ఇచ్చినవాడి మనసును బట్టి పుణ్యం లెక్కకడితే కట్టవచ్చు. ఋణం మాత్రం పుచ్చుకున్నవాడి వైపు నుంచే లెక్క.

మిక్సీ సంగతి తెలుసుకున్నప్పుడు నాకు అమ్మ మరీ గుర్తొచ్చింది. ముంబయిలో సత్యప్రకాశ్ మాథుర్ అని సీమెన్స్ కంపెనీ ఇంజనీరు. ఆయన భార్య మాధురి దగ్గర జర్మనీలో తయారైన మిక్సర్ ఉండేది. అది పళ్లరసాలకూ మెత్తని పదార్థాలకూ చేసింది. మన నానబోసిన పప్పులు, ఎండు పసుపు కొమ్ములు, కొబ్బరి వేస్తే మోటారు తట్టుకోలేక కాలిపోయింది. దాన్ని ఇక్కడ బాగుచేసేవాళ్లు లేరు. మాధురి భర్తను అడిగిందట, మన వంటకు తట్టుకునేది నువ్వే చెయ్యమని. 1963లో సుమీత్ మిక్సీ అలా వచ్చింది. అంతకు ముందే 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి రుబ్బురోలును తిరగేసి ఆలోచించాడు. మన రోట్లో పొత్రం తిరుగుతుంది, రోలు కదలదు. ఆయన గ్రైండర్లో రోలు తిరిగింది, పొత్రం నిలబడింది. ఇంతే తేడా, కానీ ఇడ్లీ పిండి కోసం తెల్లారి నాలుగింటికి లేచే ఆడవాళ్లకు అది ఎన్ని గంటల నిద్ర! అమ్మ అనే "ఏ చేత్తో"కు ఇదిగో సమాధానం: భార్య చెయ్యి చూసిన చేత్తో, రాత్రి తెల్లవార్లూ రుబ్బే చేతుల్ని చూసిన చేత్తో.

ఇంతవరకూ వచ్చి ఆగిపోతే నేను నిజం దాచినదాన్ని అవుతాను. మా చిన్నప్పుడు ఇంటికి ఒకావిడ దంపుడుకు వచ్చేది. వడ్లు దంచి, పిండి కొట్టి, సంక్రాంతికి అరిసెల పిండి కూడా ఆవిడే. కుంచెడు దంపితే ఇంత అని బియ్యమూ నూకలూ తీసుకువెళ్లేది. ఊళ్లో మిల్లు వచ్చింది, తర్వాత పిండిమర వచ్చింది, చివరికి మా ఇంట్లో మిక్సీ వచ్చింది. ఆవిడ రావడం తగ్గి తగ్గి మానేసింది. ఒకసారి వాకిట్లో నిలబడి "ఏదైనా పనుంటే చెప్పండమ్మా" అని అడిగింది. అమ్మ శేరు బియ్యం పోసింది. పనైతే లేదు. ఆవిడ చేతులు కూడా అమ్మ చేతుల్లాగే వాచి ఉండేవి, కానీ ఆ వాపే ఆవిడ ఇంట్లో పొయ్యి రాజేసింది. మిక్సీ అమ్మకు సుఖమిచ్చి ఆవిడ నోటి దగ్గర కూడు తీసింది. రోలు కింద చీమ చచ్చిపోయినట్టే, కొత్త పనిముట్టు కిందా కనబడకుండా ఎవరో నలుగుతారు. పంచసూనల మాట చెప్పినవాళ్లకు ఇదే తెలిసి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. సుఖం వచ్చిన చోటనే పాపమూ ఉంటుంది, ఋణమూ ఉంటుంది, మూడింటినీ ఒకే చేత్తో ఎత్తుకోవాలి.

ఇవన్నీ పట్టుకుని తమ్ముడి దగ్గరకు వెళ్లాను. వాడప్పటికి రాజమండ్రిలో స్థిరపడ్డాడు. "ఋషిఋణం, దేవఋణం, పితృఋణం అంటారు కదా. వీళ్ల ఋణం ఏ ఖాతాలో వెయ్యాలి?" అని అడిగాను.

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నాడు, "మూడు ఋణాల మాట తైత్తిరీయ సంహితలోది. శతపథ బ్రాహ్మణంలో నాలుగోది ఉంది అక్కయ్యా. మనుష్యఋణం. మనిషి పుట్టగానే మనుషులకు కూడా బాకీ పడతాడు. సాటిమనిషికి నీడా తిండీ ఇస్తే అది తీరుతుంది." నాకు ఒళ్లు జలదరించింది. తిండికి సంబంధించిన బాకీ తిండితోనే తీరాలన్నారు. ఇన్నేళ్లు నేను వెతుకుతున్న ఖాతా వాళ్లు ఎప్పుడో తెరిచి పెట్టారు.

ఆ తర్వాత వాడు ఋభువుల కథ చెప్పాడు. నాకు అంతవరకూ తెలియదు. ఋగ్వేదంలో ఉన్నారు, సుధన్వుడి కొడుకులు ముగ్గురు. ఋభువు, విభ్వుడు, వాజుడు. పుట్టుకతో దేవతలు కారు, మనుషులు, పనివాళ్లు. అశ్వినీ దేవతలకు రథం చేశారు. ముసలివాళ్లైన తల్లిదండ్రుల్ని మళ్లీ పడుచువాళ్లను చేశారు. అన్నిటికన్నా పెద్ద పని, త్వష్ట చేసిన ఒక్క సోమపాత్రను నాలుగు పాత్రలుగా చేశారు. ఆ పనితనానికి వాళ్లకు దేవత్వం దక్కింది, మూడో సవనంలో సోమంలో వాటా దక్కింది.

"పాత్ర చేసి దేవతలయ్యారా?" అన్నాను.

"అయ్యారు. కానీ ఐతరేయ బ్రాహ్మణంలో ఇంకో మాట ఉంది. మిగతా దేవతలు వాళ్ల దగ్గరకు రావడానికి ఏవగించుకున్నారట. వాళ్ల దగ్గర మనిషి వాసన వస్తోందని."

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. తువ్వాలు కప్పి హాల్లో కూర్చోబెట్టిన మిక్సీ కళ్లముందు నిలిచింది. "ఎవరు చేశారో, ఏ చేత్తో చేశారో." అమ్మ తప్పు మాట అనలేదు. దేవతలకు కలిగిన సంకోచమే ఆవిడకూ కలిగింది. ఆ వాసన నిజమే. కోయంబత్తూరు చెమట వాసన, జర్మనీ నూనె వాసన, ముంబయిలో కాలిపోయిన మోటారు వాసన. కానీ వేదం ఆ వాసనతోనే వాళ్లకు వాటా ఇచ్చింది. కడుక్కుని రమ్మనలేదు. మిగతావాళ్లు వెనక్కి జరిగితే సవిత వాళ్లతో కలిసి కూర్చుని తాగాడట. ఆ సంగతి నాకు అమ్మ ఉన్నప్పుడు తెలిసుంటే, ఆవిడకు చెప్పి ఉంటే, వినేదనే నా నమ్మకం. వేదంలో ఉందంటే అమ్మ కాదనేది కాదు. 2009లో పోయింది.

మా మరదలు పోయి ఆరేళ్లయింది. తమ్ముడు స్వయంపాకం చేసుకుంటాడు. ఎవరు రమ్మన్నా వెళ్లడు, హోటలు మెతుకు ముట్టడు. మొదటి నెలల్లో వాడి అన్నం చూస్తే ఏడుపొచ్చేది. ఒకరోజు మాడు, ఒకరోజు పలుకు. సంధ్యావందనానికి కూర్చుంటే స్టవ్ మీద సంగతి మరిచిపోయేవాడు. నేనే ఒక ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ కొని తీసుకెళ్లాను. వద్దంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. మొదటిరోజు మడితోనే బియ్యం కడిగి పోసుకుని, స్విచ్ కిందికి నొక్కి, పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు, పసిపిల్లను చూస్తున్నట్టు. టక్కుమని స్విచ్ పైకి లేచింది. మూత తీశాడు. మెతుకు మెతుకు విడిగా, మల్లెమొగ్గల్లా ఉంది. "దీనికెలా తెలిసింది అక్కయ్యా ఉడికిందని?" అన్నాడు.

వాడికి చెప్పాను. గిన్నెలో నీళ్లున్నంత సేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లన్నీ బియ్యం పీల్చుకోగానే పైకి పోతుంది. ఇప్పటి కుక్కర్లలో ఆ హద్దు దాటితే పట్టు వదిలేసే అయస్కాంతం ఉంటుంది. కానీ మొదట చేసినప్పుడు ఈ హద్దు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. జపాన్‌లో తోషిబా కంపెనీ ఆ పని యోషితాడా మినామి అనే చిన్న ఫ్యాక్టరీ ఆయనకు ఇచ్చింది. ఆయనకు వంట రాదు. భార్య ఫుమికో పూనుకుంది. పిల్లల్ని చూసుకుంటూ, పొద్దునా సాయంత్రం అన్నం వండి, ఎంతసేపటికి ఎంత వేడెక్కిందో కొలిచి రాసుకుంది. అన్నం గట్టిగా ఇరవై నిమిషాలు మరిగితే రుచిగా ఉడుకుతుందని తేలింది. చివరికి గిన్నెలో గిన్నె పెట్టారు. లోపలి దాంట్లో బియ్యం, బయటి దాంట్లో ఇంచుమించు ఒక గ్లాసు నీళ్లు. ఆ గ్లాసుడు నీళ్లు ఆవిరైపోవడానికి ఇరవై నిమిషాలు. నీళ్లు అయిపోగానే వేడి 100 దాటుతుంది, రెండు లోహాల పట్టీ వంగి కరెంటు ఆపేస్తుంది. గడియారం అక్కర్లేదు, గ్లాసుడు నీళ్లే గడియారం. 1955 డిసెంబరులో అది బజారులోకి వచ్చింది. ఆ శ్రమతో ఫుమికో ఆరోగ్యం దెబ్బతింది. కొన్నేళ్లకే 45వ ఏట పోయింది.

తమ్ముడు కంచం ముందు కూర్చుని ఆపోశనం పట్టబోయి ఆగాడు. "నలభై ఐదా?" అన్నాడు. మా మరదలిదీ ఆ వయసే.

ఇంకోసారి ఫోన్లో నేనే కదిపాను. వీళ్లకు ఒక దోసెడు నీళ్లు వదలకూడదా అని. వాడు గట్టిగానే కాదన్నాడు. వాళ్ల మతం వాళ్లకుంది, వాళ్ల వాళ్లు వాళ్లకున్నారు, అడగని నీళ్లు పొయ్యడం మర్యాద కాదన్నాడు. నేను భీష్ముడి మాట ఎత్తాను. మాఘమాసంలో భీష్మాష్టమి నాడు తండ్రి బతికున్నవాళ్లు కూడా ఆయనకు తర్పణం ఇస్తారు. ఏ ఇంటి వాడని ఇస్తారు? బిడ్డలు లేరు కాబట్టి అందరూ బిడ్డలే అనే కదా. గయలో దారినపోయేవాళ్లకు, స్నేహితులకు, పశువులకు కూడా పిండం పెడతారు. నీళ్లు పుచ్చుకునేవాడి అవసరం కోసమే అయితే నువ్వు చెప్పింది నిజం. ఇచ్చేవాడి బాకీ కోసం అయితే వాళ్ల మతం అడ్డమెలా వస్తుంది? నాలుగో ఋణం మనుషులకు అన్నారు గాని, మనవాళ్లకు అనలేదు కదా. వాడు "చూద్దాంలే" అని ఫోన్ పెట్టేశాడు. నాకు తర్పణం ఇచ్చే అధికారం లేదు. నాకున్నది అన్నం పెట్టే అధికారం. మిక్సీ బ్రష్షులు మార్చడానికి వచ్చే కుర్రాడికి, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే అతనికి, వేళకు వస్తే ఆకు వేసి కూర్చోబెట్టి వడ్డించకుండా పంపను. దంపుడుకు వచ్చినావిడకు ఒక్కనాడూ అలా పెట్టలేదు. ఆ లోటు తీరేది కాదు.

పోయిన భాద్రపదంలో మహాలయ పక్షానికి రాజమండ్రి వెళ్లాను. కోటిలింగాల రేవులో తెల్లారి ఆరింటికే జనం. గోదావరి ఎర్రగా ఉంది. తమ్ముడు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాడు, నేను మెట్ల మీద ఇత్తడి చెంబు, నువ్వుల పొట్లం పెట్టుకుని కూర్చున్నాను. నాన్న, తాతగారు, ముత్తాతగారు అయ్యారు. అమ్మ, నాయనమ్మ అయ్యారు. మా మరదలి పేరు చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గింది. తర్వాత కారుణ్య పితరులు: మేనత్తలు, మేనమామలు, గురువుగారు, కలిసి చదువుకుని ముందే వెళ్లిపోయిన స్నేహితుడు. ఒక్కొక్కరికీ గోత్రం, పేరు, నువ్వులూ నీళ్లూ. జాబితా అయిపోయిందనుకుని నేను చెంబు ఎత్తుకున్నాను.

వాడు నా వైపు తిరిగాడు.

"ఆ జపానావిడ పేరేమన్నావు?"

"ఫుమికో" అన్నాను.

"గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రమేలే" అని తనలో తనే అనుకుని, నువ్వులు వేలికి అద్దుకుని, నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు. ఆ పేరు వాడి నోట్లో మంత్రం మధ్య ఒకసారి తడబడింది, రెండోసారి సరిగ్గా పలికింది. నీళ్లు బొటనవేలి పక్కనుంచి గోదావరిలో పడ్డాయి.

"ఇంకొకాయన ఉన్నాడు" అన్నాను మెట్టు దిగి. "పాపిన్."

"చెప్పు, చెప్పు" అంటూ మళ్లీ నీళ్లలో చెయ్యి ముంచాడు.